రెండు జన్మపత్రములు: ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయముల చరిత్రకు ఆధారములు

విశ్వవిద్యాలయముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా ఉత్సవసంచికలను, స్నాతకోత్సవోపన్యాసములను, వైస్ ఛాన్సలరుల జీవితచరిత్రలను ఆధారముగా గైకొనుచున్నారు. ఇవి ఉపేక్షింపదగినవి కావు. కాని ఉత్సవసమయమున వ్రాసిన వ్రాతకు ఉత్సవధర్మ మొకటి యుండును. అది ఫలితమును కీర్తించును. ఆ ఫలితమునకు ముందు జరిగిన వాదమును, వెనుకాడుటను, ఓడిపోయిన పక్షమును మఱచును. కార్యము జరుగుచున్న దినములలో కార్యనిర్వహణకై మాత్రమే వ్రాయబడిన కాగితము వేఱు. అర్జీ, దానిపై అధికారి వ్రాసిన అభిప్రాయము, ఉత్తరువు, శాసనసభలోని చర్చ, పాలకసభల నిర్ణయపుస్తకము, విద్యార్థుల ప్రవేశపట్టిక, ఇవి యన్నియు ఆ తెగకు చెందినవి. ఇవి చరిత్రకారుని ఉద్దేశించి వ్రాసినవి కాకపోవుటయే వీని విలువ.

తెలుగునేలపై మొదట వెలసిన విశ్వవిద్యాలయములు రెండు: హైదరాబాదు సంస్థానమున ఉస్మానియా, మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల కొఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయము. ఈ రెండును ఏప్రిలు 26వ తేదీనే తమ జన్మదినముగా గణించుచున్నవి. మొదటిది 1917వ సంవత్సరమున, రెండవది 1926వ సంవత్సరమున. తేదీ కలియుట యాదృచ్ఛికము. కాని ఆ జన్మమును నిరూపించు పత్రములు పరస్పరము మిక్కిలి భిన్నములు. ఒకటి ప్రభువు ఫర్మానా; మఱొకటి శాసనసభ యంగీకరించిన చట్టము. ఒకటి ఉర్దూ దప్తరములో పుట్టినది. మఱొకటి ఇంగ్లీషు దప్తరములో పుట్టినది. ఈ భేదమును గమనింపక చదివినచో ఆ విశ్వవిద్యాలయముల స్వభావభేదములుగా మనకు తోచునవి కొన్ని నిజమునకు కాగితముల స్వభావభేదములే యగును. ఈ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట ఉభయసామాన్యమైన మూలకారణమును గుర్తింపవలెను. అది 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయము. కోస్తా జిల్లాలలోను, దత్తమండలములలోను గల కళాశాలలు దానికి అనుబంధములై యుండుటయే గాక, సంస్థానములోని నిజాం కళాశాల సైతము 1887 నుండి దాని పరీక్షలకే విద్యార్థులను పంపుచుండెను. పాఠ్యక్రమము నిర్ణయించువారు, ప్రశ్నపత్రములు కూర్చువారు, పట్టము లిచ్చువారు మద్రాసులో నుండిరి. తమ విద్యను తాము నిర్ణయించుకొనవలె నను కోరిక హైదరాబాదు అధికారులకును, ఆంధ్రమహాసభల నాయకులకును వేర్వేఱు దారుల కలిగినను, వారు విడిపోదలచిన గృహము ఒక్కటే. కావున ఈ రెండు విశ్వవిద్యాలయముల చరిత్రకును మద్రాసు విశ్వవిద్యాలయ పత్రములు తృతీయాధారముగా నిలుచును.

ఇక ఉస్మానియా పత్రములను పరిశీలింతము. వీనిలో ప్రధానమైనవి 1917లో సర్ అక్బరు హైదరీగారు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను సన్నిధికి సమర్పించిన అర్జుదాస్తు, దానితోడి వివరణపత్రము, దానిపై వెలువడిన ఫర్మానా. అప్పు డా సంస్థానమున దివాను లేడు. 1914లో మూడవ సాలారుజంగు పదవి వీడిన పిమ్మట 1919లో కార్యనిర్వాహక సభ యేర్పడు వఱకు నిజాము స్వయముగానే రాజ్యవ్యవహారములను చూచుచుండెను. కావున ఈ అర్జుదాస్తు ఒక కార్యదర్శి చేతి నుండి నేరుగా ప్రభువు చేతికి పోయినది. అర్జుదాస్తునకును ఫర్మానాకును నడుమ సభ లేదు, వోటు లేదు, విపక్షము లేదు.

అర్జుదాస్తులోని వాదము సుప్రసిద్ధము. పరభాషలో విద్య నేర్చువాని శక్తి యంతయు ఆ భాషను పట్టుకొనుటకే వ్యయమగును, స్వతంత్రాలోచన కుంటుపడును, చదివినవారికిని సామాన్యజనులకును నడుమ అగాధమేర్పడును. కావున ఉన్నతవిద్య దేశభాషలో జరుగవలెను. ఫర్మానా ఈ యభిప్రాయముల నంగీకరించి, ప్రాచీన నవీన విజ్ఞానములు సమన్వయము పొందునట్లుగా, ఉర్దూ బోధనభాషగా, ఇంగ్లీషు నిర్బంధపాఠ్యముగా, తన సింహాసనారోహణ స్మారకముగా ఉస్మానియా పేరిట విశ్వవిద్యాలయము నెలకొల్పవలసిన దని యాజ్ఞాపించినది. భారతదేశమున విశ్వవిద్యాలయస్థాయిలో దేశభాషను బోధనభాషగా నిలిపిన ఈ ప్రయత్నమును 1918లో రవీంద్రనాథ ఠాకూరుగారు సైతము మనసార అభినందించిరి. ఆ ప్రయత్నముయొక్క ధైర్యమును ఎవరును కాదనలేరు.

కాని పరిశోధకు డిచ్చట ఒక ప్రశ్న వేసికొనవలెను. సంస్థానప్రజలలో దాదాపు సగము మంది తెలుగు మాటలాడువారు. మరాఠీ, కన్నడములు మాటలాడువారు తక్కిన భాగములో పెక్కురు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదింట ఒక వంతుకు మించరు. మాతృభాషాబోధనకు అర్జుదాస్తు చూపిన హేతువు లన్నియు తెలుగువానికిని సమానముగా అన్వయించును. అయినను రాజభాష యగుట, రాజ్యమున నలుదెసల వ్యవహారమునం దుండుట అను కారణములచే ఉర్దూ గ్రహింపబడినది. పత్రము తన హేతువులచేతనే ప్రశ్నను లేవదీయుచున్నది. సమాధానము మాత్రము వేఱొక హేతువుతో ముగియుచున్నది. ఈ రెంటి నడుమ నున్న అంతరమే ఉస్మానియా చరిత్రలో తెలుగు పరిశోధకునకు ముఖ్యమైన స్థలము. ఆ విశ్వవిద్యాలయమున తెలుగు ఒక పాఠ్యవిషయమై, రాయప్రోలు సుబ్బారావుగారి వంటి కవి అధ్యక్షతన శాఖగా వర్ధిల్లినది. బోధనభాష మాత్రము కాలేదు.

తేదీల విషయమున సైతము జాగరూకత యవసరము. 1917 ఏప్రిలు 26న తొలి ఫర్మానా వెలువడెను. 1918 సెప్టెంబరు 22న విశ్వవిద్యాలయము శాసనరీత్యా ఏర్పాటు చేయబడెను. 1919 ఆగస్టు 28న 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు ప్రారంభమయ్యెను. అడిక్‌మెట్టున ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934 జూలై 5న శంకుస్థాపన జరుగగా, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవము జరిగెను. ఇందు ఏది జననము? సంకల్పమే జన్మ మనువారికి 1917, శాసనమే జన్మ మనువారికి 1918, గురుశిష్యులు కలిసికొనుటయే జన్మ మనువారికి 1919. ఏ తేదీని గైకొన్నను దోషము లేదు. గైకొన్న హేతువును చెప్పకుండుటయే దోషము.

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు పంచాంగభేదము. సంస్థాన పత్రములలో హిజ్రీ, ఫసలీ, క్రీస్తుశకములు మూడును కలసి యుండును. 1917 ఏప్రిలు 26 హిజ్రీ 1335వ సంవత్సరపు రజబు మాసము 4వ తేది, ఫసలీ 1326. హైదరాబాదు ఫసలీ అక్టోబరు తొలివారమున ఆజూరు మాసముతో మొదలగును. మద్రాసు రాజధాని ఫసలీ జూలై 1న మొదలగును. కాబట్టి జూలై మొదలు అక్టోబరు తొలివారము వఱకు గల దినములకు ఈ రెండు ప్రాంతములలో ఒక సంవత్సరము తేడా వచ్చును. ఉస్మానియా తరగతులు ప్రారంభమైన 1919 ఆగస్టు 28 హైదరాబాదు లెక్కకు 1328 ఫసలీ, మద్రాసు లెక్కకు 1329 ఫసలీ. కోస్తాజిల్లాల రెవిన్యూ పత్రములకు అలవాటుపడిన పరిశోధకుడు అదే లెక్కను హైదరాబాదు పత్రములకు పట్టించినచో ఒక సంవత్సరము తప్పిపోవును.

ఆంధ్ర విశ్వవిద్యాలయ జన్మపత్రము వేఱు విధమైనది. 1919 నాటి సంస్కరణలచే విద్యాశాఖ మంత్రుల కప్పగింపబడినది. విద్యామంత్రి సర్ ఏ. పి. పాత్రోగారు 1925లో మద్రాసు శాసనసభలో ఆంధ్ర విశ్వవిద్యాలయ బిల్లును ప్రవేశపెట్టిరి. అది 1926వ సంవత్సరపు మద్రాసు 2వ చట్టమై ఆ యేడు ఏప్రిలు 26 నుండి అమలులోనికి వచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ వైస్ ఛాన్సలరు. బెజవాడ తొలి కేంద్రము. ఈ చరిత్రకు ఆధారములు శాసనసభ చర్చల సంపుటములు, సెయింట్ జార్జి కోట గెజెట్టులు, విద్యాశాఖ ప్రభుత్వోత్తరువులు, సెనేటు సిండికేటుల నిర్ణయములు. వీనిలో ప్రభుత్వపత్రములు ఎగ్మూరులోని పూర్వపు మద్రాసు రికార్డాఫీసులో, అనగా నేటి తమిళనాడు ఆర్కైవ్సులో చూడదగినవి.

శాసనసభలో పుట్టిన పత్రమునకు సహజగుణము వివాదము. విశ్వవిద్యాలయకేంద్ర మెచ్చట నుండవలె నను ప్రశ్నపై బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, అనంతపురము, ఈ పట్టణముల పక్షమున వాదములు జరిగినవి. తుదకు 1930లో కేంద్రము వాల్తేరునకు మారెను. అంతకు పూర్వమే, 1929లో జరిగిన సవరణచే దత్తమండలములు ఆంధ్ర విశ్వవిద్యాలయపరిధి నుండి తొలగి మరల మద్రాసు విశ్వవిద్యాలయమునకు చేరెను. 1928లో నంద్యాలలో రాయలసీమ యను పేరు గైకొనిన ప్రాంతము మఱుసటి సంవత్సరమే ఆంధ్ర నామధేయము గల విశ్వవిద్యాలయమునకు వెలుపలిదైనది.

ఇది కేవలము విద్యావిషయ మని తలంపరాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహమైన శ్రీబాగులో కోస్తా, రాయలసీమ నాయకులు చేసికొనిన ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురమునను విశ్వవిద్యాలయకేంద్ర ముండవలెనను నియమము చేరుటకు కారణమిదియే. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము నెలకొనుట, 1981లో అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఏర్పడుట ఈ పూర్వరంగముతో చదువవలసిన విషయములు. చట్టములో ఒక నిబంధన మారినపుడు ఎన్ని కళాశాలల విద్యార్థులు ఎవరి పరీక్షకు కూర్చుండవలెనో మాఱును. ఏ ప్రాంతము ఏ ప్రాంతముతో జత కట్టవలెనో కూడ మాఱును.

ఈ రెండు పత్రరాశులను ఎదురెదురుగా నుంచి చదివినపుడే మన పూర్వాభిప్రాయములు సవరింపబడును. ఫర్మానా నొక్కదానినే చదివినవానికి ఉస్మానియాస్థాపన ఏకాభిప్రాయముతో, నిర్వివాదముగా జరిగినట్లు తోచును. శాసనసభ చర్చలను మాత్రమే చదివినవానికి ఆంధ్ర విశ్వవిద్యాలయము కలహముల నడుమ పుట్టినట్లు తోచును. కాని చర్చకు సభ లేనిచోట చర్చ నమోదు కాదు. భేదాభిప్రాయము లేదని దానికి అర్థము కాదు. సభ యున్నచోట ప్రతి భేదాభిప్రాయమును అచ్చుపడును. ఐకమత్యము లేదని దానికిని అర్థము కాదు. మౌనమును సమ్మతిగాను, వాదమును వైరముగాను గణించుట పత్రపరిశోధనలో తఱచుగా జరుగు పొరపాటు.

తెలుగు విషయమున ఈ రెండింటికిని గల సామ్యము సైతము ఇట్లు చదివినపుడే బయటపడును. ఉస్మానియా దేశభాషాసిద్ధాంతమును స్వీకరించి తెలుగును బోధనభాషగా గ్రహింపలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము తెలుగుజాతి పేర వెలసి ఇంగ్లీషును బోధనభాషగా నిలుపుకొనెను. అచ్చటను 1931లో ఆనర్సు తరగతులు ప్రారంభమైనపుడు పింగళి లక్ష్మీకాంతముగారు తెలుగు బోధనకు వచ్చిరి. తెలుగు గౌరవనీయమైన పాఠ్యవిషయ మయ్యెను. ఒకచోట సిద్ధాంతము మనది, భాష మనది కాదు. మఱొకచోట పేరు మనది, భాష మనది కాదు. తెలుగును ఉన్నతవిద్యకు వాహకముగా జేయు పని పాఠ్యగ్రంథముల రూపమున 1968లో తెలుగు అకాడమి స్థాపనతో గాని వ్యవస్థితము కాలేదు. ఆ పనికి పూర్వాదర్శ మేదియన్నచో 1917లో ఉస్మానియాకై స్థాపింపబడి మౌల్వీ అబ్దుల్ హక్కుగారి నేతృత్వమున నడచిన అనువాదశాఖయే. శాస్త్రపరిభాషను సంస్కృతము నుండి తెచ్చుకొనవలెనా, ఇంగ్లీషు మాటలనే నిలుపుకొనవలెనా యని మనము చేసిన వాదమువంటి వాదమునే వారు అరబ్బీ, పారసీ, ఇంగ్లీషుల విషయమున చేసిరి. 1948 సెప్టెంబరు తరువాత ఉస్మానియాలో బోధనభాష ఇంగ్లీషునకు మారుటతో ఆ కృషి విశ్వవిద్యాలయమున ఆగిపోయెను. దాని యనుభవము తెలుగు పరిభాషాకర్తలకు అందవలసినంతగా అందలేదు. అది ఉర్దూలో నుండుటయే ఇందుకు ముఖ్యకారణము.

పత్రములు చెప్పునది ఒకవైపు మాటయే యనుటకు 1938 నాటి వందేమాతర ఉద్యమము తార్కాణము. ఉస్మానియా వసతిగృహములలో హిందూ విద్యార్థులు ప్రార్థనాసమయమున వందేమాతర గీతమును పాడుటను అధికారులు నిషేధించిరి. విద్యార్థులు అంగీకరింపలేదు. వారిని బహిష్కరింపగా సమ్మె సంస్థానములోని ఇతర కళాశాలలకును వ్యాపించెను. బహిష్కృతులలో పెక్కురకు నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. ఇట్టి సందర్భమున బహిష్కరించిన కార్యాలయపు కాగితమున విద్యార్థి క్రమశిక్షణ నుల్లంఘించిన వ్యక్తి. చేర్చుకొనిన కళాశాల పట్టికలో అతడు కొత్తగా వచ్చిన విద్యార్థి. తన జ్ఞాపకములలో స్వాతంత్ర్యసమరయోధుడు. ఈ మూడును ఒకని గూర్చినవే. మొదటి కాగితముతో ఆగిన పరిశోధకుడు అధికారికి లేఖకు డగును గాని చరిత్రకారుడు కాడు. కావున ఒక విశ్వవిద్యాలయచరిత్రకు కావలసిన పత్రములు ఆ విశ్వవిద్యాలయములోనే యుండవు. అది ఎవరిని పంపివేసెనో వారిని చేర్చుకొనినచోట సైతము ఉండును.

ఇక పత్రరక్షణ విషయము. కాగితము నిలుచుట గాని నశించుట గాని మిక్కిలి తఱచుగా చెదపురుగుపై గాక గుమాస్తా నిర్ణయముపై ఆధారపడును. మద్రాసు రాజధాని కచ్చేరీలలో ముగిసిన ప్రతి ఫైలును తరగతులుగా విభజించు పద్ధతి యుండెను. ఆర్. డిస్. అను గుర్తు గలది శాశ్వతముగా నుంచవలెను, డి. డిస్. పదియేండ్లకు, కె. డిస్. మూడేండ్లకు, ఎల్. డిస్. ఒక యేటికి నశింపజేయవలెను. ఆ గుర్తు వేయువానికి నాటి వ్యవహారావసరమే ప్రమాణము. భూమి, భవనము, ఉద్యోగనియామకము శాశ్వతములుగా తోచును. విద్యార్థి వ్రాసికొనిన విన్నపము, వేతనమాఫీకై తండ్రి పెట్టుకొనిన అర్జీ, పాఠ్యగ్రంథ మేల మార్పబడెనో తెలుపు లేఖ, ఇవి స్వల్పకాలికములుగా తోచును. సాంఘికచరిత్రకు కావలసినవి ఈ రెండవ తెగవే. ఏ కార్యాలయమునందైనను ఇట్టి యేరివేత తప్పదు. ఏరివేయుటకు ముందు చరిత్ర తెలిసినవా డొకడు చూచుట మాత్రము సాధ్యము.

దీనికి తోడు స్థానచలనము. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణముపై జపాను విమానదాడి జరిగెను. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలి, 1946లో వాల్తేరునకు మరల వచ్చెను. బెజవాడ నుండి వాల్తేరు, వాల్తేరు నుండి గుంటూరు, గుంటూరు నుండి మరల వాల్తేరు: ఇరువది సంవత్సరములలో మూడు ప్రయాణములు చేసిన కార్యాలయపు కాగితముల వరుసను పరిశోధకుడు సందేహముతోనే చూడవలెను. వరుసలో లోపించినది కనబడినపుడు అది దాచబడిన దని తొందరపడి తలంపక, ఏ ప్రయాణములో ఏ భాగము కదలెనో ముందుగా విచారింపవలెను. హైదరాబాదు పత్రములు కొంత అదృష్టవంతములు. నిజాం ప్రభుత్వపు దప్తరములు క్రమముగా ఒకచోట చేర్చబడి, 1965 నుండి తార్నాకలో, ఉస్మానియా ప్రాంగణమునకు చేరువనే ఉన్నవి.

కాని అచ్చట నున్న ఆపద వేఱు. కాగితము నిలిచి యుండగా చదువరి నశించుట యది. సంస్థానమున 1884 ప్రాంతము వఱకు పారసీ, తరువాత 1948 వఱకు ఉర్దూ రాజభాషలు. పత్రములలో పెక్కు షికస్తా యనబడు గొలుసువ్రాతలో నున్నవి. అచ్చు ఉర్దూ చదువగలవానికిని ఆ వ్రాత ప్రత్యేకాభ్యాసము లేక లొంగదు. తెలుగు శాఖలలోని పరిశోధకులు శాసనలిపులను శ్రద్ధతో నేర్చుచున్నారు. వేంగీచాళుక్యుల తామ్రపత్రమును చదువగలిగిన విద్యార్థి తన తాతముత్తాతల కాలమున తన విశ్వవిద్యాలయమును స్థాపించిన ఉత్తరువును చదువలేకుండుట విచారకరము.

కావున చేయవలసిన పనులు మూడు కన్పట్టుచున్నవి. మొదటిది, ఈ రెండు విశ్వవిద్యాలయములకు సంబంధించిన ముఖ్యపత్రముల వివరణాత్మక సూచికను తెలుగులో సిద్ధము చేయుట. ప్రతి పత్రమునకు మూడు పంచాంగముల తేదీలను, వ్రాసినవారి పదవిని, సారాంశమును ఇచ్చుట. రెండవది, పరిశోధక విద్యార్థులకు షికస్తా వ్రాతలో ప్రాథమికశిక్షణ నిచ్చుట. దీనికి ఉర్దూ, పారసీ, చరిత్ర శాఖల సహకారము పొందవలెను. ఆ వ్రాతను చదువగల వృద్ధపండితులు నేడును కలరు. వారి వద్ద నేర్చుటకు గల కాలము దీర్ఘమైనది కాదు. మూడవది, ప్రతి తెలుగు శాఖయు తన సొంత కాగితములను రక్షించుకొనుట. పాఠ్యనిర్ణయసంఘముల నిర్ణయములు, పాతప్రశ్నపత్రములు, పరిశోధనాంశముల నమోదుపుస్తకము, పరీక్షకుల నివేదికలు నేడు మనకు బీరువా నింపు భారముగా తోచవచ్చును. ఏ కావ్యమును ఏ తరము చదివెను, ఏది ఎప్పుడు పాఠ్యక్రమము నుండి తొలగెను, ఏ విషయముపై పరిశోధన మొదట అనుమతింపబడెను అను ప్రశ్నలకు మఱి వేఱు ఆధారము లేదు.

ఒక విశ్వవిద్యాలయము ఇతరుల చరిత్రను శోధించుటకు స్థాపింపబడిన సంస్థ. పూర్వగ్రంథములను పాఠాంతరములతో పరిష్కరించు శాస్త్రమును మనము అభ్యసించియే యున్నాము. ప్రతిని ప్రతితో పోల్చుట, లేఖకుని ఉద్దేశమును గ్రహించుట, లోపించిన పత్రమును గుర్తించుట, ఇవి తెలుగు పరిశోధకునకు క్రొత్తవిద్యలు కావు. ఆ విద్యనే ఫర్మానాకును చట్టమునకును అన్వయించినచో ఈ రెండు విశ్వవిద్యాలయముల చరిత్ర, వానితోపాటు ఇరువదవ శతాబ్దమున తెలుగు చదువు నడచిన దారి, విస్పష్టముగా కాననగును.